పదో తరగతి తూకం



బియ్యం కొనేటప్పుడు మనం తూకం చూసుకుంటాం. జగిత్యాలలో కిలో అన్నా, కోరుట్లలో కిలో అన్నా, సిరిసిల్లలో కిలో అన్నా ఒకటే. ఇప్పుడిది చాలా మామూలు సంగతిగా కనిపిస్తుంది గాని, మన నాయనమ్మల కాలంలో ఇలా లేదు. ఒక ఊరి సేరుకూ ఇంకో ఊరి సేరుకూ పొత్తు కుదిరేది కాదు. మానెడు, తవ్వెడు కొలిచే చేతిని బట్టి మారుతుండేవి. 1956లో పార్లమెంటు తూనికలు కొలతల చట్టం చేసింది. 1960ల మొదట్లో సేరు పోయి దేశమంతటా కిలో వచ్చింది.

మరి చదువు మాటేమిటి? "మా అమ్మాయి పది ప్యాసయింది" అంటాం. ఆ పదికి కూడా దేశమంతటా ఒకే తూకం ఉండాలా? ఉంటే ఆ తూకం రాయి ఎవరి చేతిలో ఉండాలి? ఢిల్లీ చేతిలోనా, హైదరాబాదు చేతిలోనా, బడి ఉన్న ఊరి చేతిలోనా? పేపర్లలో, టీవీలలో పెద్దలు వాదించుకుంటుంటే ఇదేదో కొత్త తగవు అనుకుంటాం. మన ప్రాంతంలో దీనికి నూరేళ్ల చరిత్ర ఉంది. అందులో ఆడవాళ్ల వంతు కూడా తక్కువేమీ కాదు. ఆ కథే ఈవేళ చెప్పుకుందాం.

నిజాం పరిపాలనలో సర్కారు బడి అంటే ఉర్దూ బడే. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చింది. ఇంగ్లీషులో తప్ప పైచదువు సాధ్యం కాదని అందరూ నమ్ముతున్న రోజుల్లో ఈ దేశపు భాష ఒకదానిలో వైద్యం, సైన్సు, న్యాయశాస్త్రం చెప్పి చూపించిన విశ్వవిద్యాలయం అది. పుస్తకాలను ఉర్దూలోకి తేవడానికి ప్రత్యేకంగా ఒక అనువాద శాఖనే పెట్టారు. అది నిజంగా గొప్ప పనే. అయితే ఆ గొప్పతనం సిరిసిల్ల సాలోళ్ల పిల్లవాడికీ, కోరుట్ల కాపుల పిల్లకూ ఎంతవరకు అందింది? ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. లెక్క తెలిసినా, ఆ లెక్కను ఏ మాటల్లో అడుగుతున్నారో తెలియక ఆగిపోయిన పిల్లలు ఎందరో!

ఇంకో విచిత్రం చూడండి. అదే హైదరాబాదులో నిజాం కాలేజీ ఉండేది. అది 1947 దాకా మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధం. అక్కడ చదువు ఇంగ్లీషులో. అంటే ఒకే ఊళ్లో రెండు తూకాలన్న మాట. ఒకటి ఉస్మానియాది, ఒకటి మద్రాసుది. తెలుగులో చదివితే ఆ రెంటిలో దేనికీ ఒప్పుదల లేదు.

తెలుగులో బడి పెట్టుకుందామంటే ఖాన్గీ బడికి, అంటే ప్రైవేటు బడికి, సర్కారు అనుమతి కావాలి. ఆ అనుమతి తేలికగా దొరికేది కాదు. ఈ బాధల నుంచే ఆంధ్ర మహాసభ పుట్టింది. మొదటి సభ 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన జరిగింది. నాలుగో సభ 1935లో మన సిరిసిల్లలోనే జరిగింది. దానికి అధ్యక్షులు మాడపాటి హనుమంతరావు గారు. ప్రతి సభతో పాటు మహిళా సభ కూడా జరిగేది. సిరిసిల్ల మహిళా సభకు అధ్యక్షురాలు మాడపాటి మాణిక్యమ్మ గారు. మాతృభాషలో చదువు కావాలి, ఖాన్గీ బడుల మీది ఆంక్షలు పోవాలి, ఆడపిల్లకు చదువు చెప్పించాలి అన్నవి ఈ సభలు వరసగా అడుగుతూ వచ్చిన కోరికలు. ఘోషా ఇంకా బలంగా ఉన్న రోజుల్లో ఆడవాళ్లు సభ చేసి, చదువు గురించి మాట్లాడారంటే అది ఎంత ధైర్యమో మనం ఊహించుకోవాలి.

హనుమంతరావు గారు మాటలతో సరిపెట్టిన మనిషి కాదు. అప్పటికే 1928లో హైదరాబాదు నారాయణగూడలో తెలుగు ఆడపిల్లల కోసం బడి పెట్టారు. అక్కడే అసలు చిక్కు వచ్చింది. పిల్లలు తెలుగులో చదువుతారు, బాగానే చదువుతారు. కాని చివర పరీక్ష ఎవరు పెడతారు? సర్టిఫికెట్ ఎవరిస్తారు? తెలుగు మాధ్యమాన్ని ఇక్కడి సర్కారు ఒప్పుకోదు. అందుకని పూనా వైపు చూశారు. మహర్షి కర్వే గారు 1916లో అక్కడ మహిళా విశ్వవిద్యాలయం స్థాపించారు. ఆడపిల్లలకు వారి మాతృభాషలో చదువు చెప్పి, ఇంగ్లీషును ఒక సబ్జెక్టుగా నేర్పాలన్నది దాని పద్ధతి. నారాయణగూడ బడి ఆ విశ్వవిద్యాలయంతో సంబంధం పెట్టుకుంది. అలా మన తెలుగు పిల్లలు సొంత రాజ్యంలో దొరకని గుర్తింపును మరాఠీ దేశం నుంచి తెచ్చుకున్నారు.

ఈ సంగతిని నేను పదే పదే తలుచుకుంటాను. దగ్గర ఉన్నవాడి తూకం మనకు అన్యాయం చేసినప్పుడు దూరాన ఉన్న తూకం ఆదుకుంది. కాబట్టి "బయటివాళ్లు మన పిల్లల చదువును కొలవడమేమిటి?" అని ఒక్క మాటతో కొట్టిపారెయ్యడానికి వీల్లేదు. అదే సమయంలో, ఇక్కడి పిల్లల భాష తెలియని పరీక్ష ఎంత గొప్పదైనా పిల్లలకు గోడ అవుతుందన్నది కూడా ఉస్మానియా రోజులు నేర్పిన పాఠమే. ఈ రెండు సంగతులూ మనసులో పెట్టుకుంటే తరువాతి కథ సులభంగా అర్థమవుతుంది.

ఆ గోడను ఎక్కి అవతలికి దూకినవాళ్లూ లేకపోలేదు. సి. నారాయణరెడ్డి గారు 1931లో సిరిసిల్ల ప్రాంతపు హనుమాజీపేటలో పుట్టారు. సిరిసిల్లలో, కరీంనగర్‌లో ఉర్దూ మాధ్యమంలోనే చదువుకున్నారు. డిగ్రీ కూడా ఉర్దూలోనే. అటువంటి మనిషి తెలుగులో మహాకవి అయి, 'విశ్వంభర' కావ్యానికి 1988 సంవత్సరపు జ్ఞానపీఠం అందుకున్నారు. మనకు గర్వకారణమే. కాని ఒక్కడు దూకాడని గోడ మంచిదని అనగలమా? దూకలేక ఆగిన వందలమంది పేర్లు ఎవరికీ తెలియవు. వాళ్లలో ఆడపిల్లలు ఎందరో చెప్పనక్కర లేదు.

1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశంలో కలిసింది. బడుల్లోకి తెలుగు వచ్చింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అప్పుడు మళ్లీ తూకాల సమస్య. అటు మద్రాసు పద్ధతిలో చదివి వచ్చినవాళ్లు, ఇటు నిజాం పద్ధతిలో చదివి వచ్చినవాళ్లు. ఉద్యోగాల దగ్గర, కాలేజీ సీట్ల దగ్గర "మీ స్టాండర్డు తక్కువ" అన్న మాట మన ప్రాంతపు వాళ్లు పడవలసి వచ్చింది. 1952 ముల్కీ ఆందోళన వరంగల్లులో మొదలైంది టీచర్ల నియామకాల దగ్గరే. 1956 ఫిబ్రవరి పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణ విద్యాసౌకర్యాలు తెలంగాణ విద్యార్థులకే దక్కాలని ప్రత్యేకంగా రాసుకున్నారంటే ఆ భయం ఎంత లోతైనదో తెలుస్తుంది. స్టాండర్డు అన్న మాట చదువు పెంచడానికే కాక, మనిషిని గుమ్మం బయట నిలబెట్టడానికి కూడా పనికొస్తుందని అప్పుడే తెలిసింది.

ఇక దేశం సంగతి. 1950 రాజ్యాంగంలో విద్య రాష్ట్రాల జాబితాలో ఉంది. ఎవరి పుస్తకాలు వాళ్లవి, ఎవరి పరీక్షలు వాళ్లవి. ఒక రాష్ట్రంలో పదేళ్లకు బడి చదువు పూర్తయితే ఇంకో రాష్ట్రంలో పదకొండేళ్లు పట్టేది. 1964లో కేంద్రం డి.ఎస్. కొఠారి గారి అధ్యక్షతన కమిషన్ వేసింది. 1966లో నివేదిక వచ్చింది. అందరికీ ఒకే రకం సర్కారు బడులు ఉండాలని, పది ప్లస్ రెండు ప్లస్ మూడు పద్ధతి కావాలని అది చెప్పింది. ప్రతి దశలో పిల్లలకు ఏమి రావాలో నిర్ణయించి, రాష్ట్రాలలో నిజంగా ఎంత వస్తున్నదో చూసే ఒక జాతీయ పాఠశాల విద్యా బోర్డు ఉండాలని కూడా సూచించింది. ఇప్పుడు వినిపిస్తున్న వాదాలకు విత్తనం అప్పుడే పడింది.

ఈ కథలో మన పాత కరీంనగర్ జిల్లా మనిషి ఒకరు పదే పదే కనిపిస్తారు. వంగరలో పెరిగిన పి.వి. నరసింహారావు గారు. 1938లో వందేమాతరం పాడినందుకు చదువుకు దూరమైన విద్యార్థుల్లో ఆయన ఒకరు. నాగపూరు విశ్వవిద్యాలయం చేర్చుకుంది కాబట్టి చదువు సాగింది. నారాయణగూడ ఆడపిల్లలకు పూనా ఆదుకున్నట్టే ఆయనకు నాగపూరు ఆదుకుంది. 1968 నుంచి 1971 దాకా ఆయన రాష్ట్ర విద్యామంత్రి. తెలుగులో కాలేజీ పుస్తకాలు తేవడానికి తెలుగు అకాడమీ 1968లో వచ్చింది. రెండేళ్ల ఇంటర్మీడియెట్ 1969లో మొదలైంది. దేశంలో చాలా రాష్ట్రాలు ఇంకా ఆలోచిస్తుండగానే మనం పది ప్లస్ రెండుకు మారిపోయాం. ముఖ్యమంత్రి అయినాక 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల పెట్టారు. పేద పిల్లవాడికి మంచి బడి దొరికితే వాడు ఎవరికీ తీసిపోడని ఆ బడి నిరూపించింది.

ఈలోగా ఢిల్లీలో సంగతులు మారాయి. 1975లో ఎన్.సి.ఇ.ఆర్.టి. పదేళ్ల బడి చదువుకు మొదటి జాతీయ ప్రణాళిక తయారు చేసింది. 1976లో 42వ రాజ్యాంగ సవరణతో విద్య ఉమ్మడి జాబితాలోకి వచ్చింది. అంటే కేంద్రానికి కూడా చట్టం చేసే హక్కు వచ్చింది. 1985లో పి.వి. గారు దేశానికి మొదటి మానవ వనరుల మంత్రి అయ్యారు. మరుసటి ఏడు జాతీయ విద్యా విధానం వచ్చింది. దేశంలోని పిల్లలందరూ చదవవలసిన కొన్ని సామాన్య అంశాలు ఉండాలని అందులో రాశారు. స్వాతంత్ర్యోద్యమ చరిత్ర, రాజ్యాంగం మన మీద పెట్టిన బాధ్యతలు, స్త్రీ పురుష సమానత్వం వాటిలో ఉన్నాయి. మిగతాది రాష్ట్రాలు తమకు తగినట్టు చూసుకోవచ్చు. జిల్లాకొక నవోదయ విద్యాలయం అన్న ఆలోచన కూడా అప్పటిదే. మన వైపు చొప్పదండిలో ఉన్నది అదే.

ఆ తరువాత 1991లో కనీస అభ్యసన స్థాయిలు అని ఒక పట్టిక వచ్చింది. ఏ తరగతిలో ఏమి రావాలో వరుసగా రాశారు. చూడడానికి బాగానే ఉంది. కాని పట్టిక వచ్చినంత తొందరగా బడికి గది రాలేదు, టీచరు రాలేదు. రెండేళ్లకే, 1993లో, యశ్‌పాల్ కమిటీ పిల్లల మీద బరువు ఎక్కువైందని, అర్థం కాని చదువు అసలైన బరువని చెప్పింది. 1996లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం మన రాష్ట్రంలో మొదట తీసుకున్న 5 జిల్లాల్లో కరీంనగర్ ఒకటి. గదులు కట్టారు, టీచర్లకు శిక్షణ ఇచ్చారు. కొలవడం కన్నా ముందు ఇవ్వడం అన్న వరుస కొంతవరకు పాటించింది ఆ పథకమే.

2009లో విద్యాహక్కు చట్టం వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. 2017లో తరగతి వారీగా ఏమి రావాలన్నది కేంద్ర నిబంధనల్లో చేరింది. 2020లో కొత్త విద్యా విధానం. 2021లో, మూడో తరగతి పూర్తయ్యేలోగా ప్రతి పిల్లకూ చదవడం, లెక్క చేయడం రావాలన్న నిపుణ్ భారత్ కార్యక్రమం. మన తెలంగాణలో 2022లో దానికి తొలిమెట్టు అని పేరు పెట్టారు. 2024 డిసెంబరులో 'పరఖ్' అనే జాతీయ సంస్థ దేశమంతటా 3, 6, 9 తరగతుల పిల్లలను సర్వే చేసింది. ఈ సర్వేలో ఏ పిల్లకూ ప్యాసు, ఫెయిలు ఉండవు. జిల్లా ఎలా ఉందో చెబుతుంది, అంతే. కొఠారి గారు కోరిన పని సుమారు అరవై ఏళ్లకు ఈ రూపంలో వచ్చిందనుకోవచ్చు.

ఇతర దేశాలలోనూ ఇదే తగవు. ఇంగ్లండులో 1988 చట్టంతో జాతీయ పాఠ్యప్రణాళిక వచ్చింది. అమెరికాలో మనలాగే చదువు రాష్ట్రాల పని. 1983లో అక్కడి ప్రభుత్వ నివేదిక ఒకటి బడుల స్థాయి పడిపోతున్నదని హెచ్చరించింది. 2010లో భాషకు, లెక్కలకు ఉమ్మడి ప్రమాణాలు తయారు చేస్తే 40కి పైగా రాష్ట్రాలు ముందు ఒప్పుకున్నాయి. తరువాత కొన్ని వెనక్కి తగ్గాయి. మా పిల్లలకు ఏమి చెప్పాలో వాషింగ్టన్ చెప్పడమేమిటని అక్కడి తల్లులు సభలు పెట్టారు. దూరం ఎంతైనా తల్లుల మాట ఒకేలా ఉంటుంది చూడండి.

మన పొరుగునే ఒక ఉదాహరణ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో సుమారు వెయ్యి సర్కారు బడులను కేంద్ర బోర్డు అయిన సి.బి.ఎస్.ఇ. కిందికి మార్చారు. 2024లో ప్రభుత్వం మారాక, పిల్లలు ఇంకా ఆ స్థాయికి సిద్ధంగా లేరని చెప్పి మళ్లీ రాష్ట్ర బోర్డు పరీక్షకే తెచ్చారు. మార్చింది పెద్దలే, తిప్పింది పెద్దలే. నడుమ మూడేళ్లు అటూ ఇటూ నలిగింది పిల్లలు. బోర్డు పేరు మారినంత మాత్రాన పిల్లకు లెక్క రాదు గదా!

ఇప్పుడు మన ఇళ్లలోకి వద్దాం. ఇదంతా మనకెందుకు అనిపించవచ్చు. జగిత్యాల, కోరుట్ల వైపు వాడకట్టుకు నలుగురు దుబాయికో, మస్కట్‌కో పోయినవాళ్లు ఉంటారు. ఇప్పటి నిబంధనల ప్రకారం పదో తరగతి ప్యాసైనవారి పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ తనిఖీ అవసరం లేదు. పది లేనివారు గల్ఫ్ దేశాలకు పనికి పోవాలంటే ఆ అనుమతి తీసుకోవాలి. మన ఊరి బడి ఇచ్చిన కాగితాన్ని విమానాశ్రయంలో ఉన్న అధికారి ఒప్పుకుంటున్నాడంటే, దానికి దేశమంతటా ఒక విలువ ఉన్నందుకే. సిరిసిల్లలో సాంచెల పని తగ్గినప్పుడు కుటుంబాలు భీవండికి, షోలాపూర్‌కు పోతాయి. ఐదో తరగతి పిల్ల అక్కడ బడిలో చేరితే భాష వేరు, పుస్తకం వేరు. కనీసం లెక్కలైనా ఆగిన చోటునుంచి అందుకోగలగాలి. బీడీలు చుట్టే తల్లి తన కూతురు తనలాగా తునికాకు ముందర కూర్చోకూడదని బడికి పంపుతుంది. ఆ పిల్ల పదేళ్లు బడికి పోయి, చేతికి కాగితం వచ్చి, మందుల సీసా మీది రాతనూ, బ్యాంకు చీటీనీ చదవలేకపోతే ఆ తల్లికి జరిగిన మోసం చిన్నదా? ఈ ఇళ్లకు మంచి తూకం కావాలి. తూకం అక్కర లేదనే మాట కలిగినవాళ్లకే చెల్లుతుంది. వాళ్ల పిల్లలకు ట్యూషన్ ఉంటుంది, ఇంట్లో చెప్పేవాళ్లుంటారు.

మరి రెండో పక్షం మాట? అదీ వినాలి. ఒక బడిలో ఐదు తరగతులకు ఇద్దరే టీచర్లు. ఇంకో బడిలో తరగతికొక టీచరు. ఇద్దరి పిల్లలనూ ఒకే రాయితో తూచి, "ఈ పిల్ల తక్కువ" అని రాస్తే తప్పు పిల్లదైపోతుంది. మన సర్కారు బడుల్లో 2022 నుంచి ఇంగ్లీషు మీడియం మొదలైంది. తల్లిదండ్రులు కోరుకున్నదే. కాని ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు అన్నప్పుడు ఉస్మానియా రోజుల పాఠం మరిచిపోకూడదు. భాష అర్థం కాక ఆగిన పిల్లను తెలివి తక్కువ పిల్ల అనుకునే ప్రమాదం అప్పుడు ఉర్దూతో వచ్చింది, ఇప్పుడు ఇంగ్లీషుతో రావచ్చు.

నేను పెద్ద చదువులు చదివిన దాన్ని కాను. పదో తరగతి కాగితమే నాది కూడా. అయినా ఈ నూరేళ్ల కథ చదివితే నాకు తోచేది ఇది. చదవడం, రాయడం, లెక్క, నలుగురిలో తన మాట చెప్పగలగడం, ఈ నాలుగింటికి దేశమంతటా ఒకే తూకం ఉండాలి. అందులో మినహాయింపు వద్దు. ఏ కథతో చదవడం నేర్పాలి, ఏ లెక్కతో కూడిక నేర్పాలి అన్నది ఊరికి, టీచరుకు వదలాలి. సాంచె మీద ఎన్ని మీటర్ల బట్ట వచ్చిందన్నది సిరిసిల్ల పిల్లకు సొంత లెక్క. వేయి బీడీలకు ఎంత కూలీ అన్నది కోరుట్ల పిల్లకు సొంత లెక్క. ఇక అన్నిటికన్నా ముందు ఒక తూకం సర్కారుకే పెట్టాలి. టీచర్లు ఎందరు, పుస్తకాలు ఏ నెలలో వచ్చాయి, ఆడపిల్లలకు నీళ్లున్న మరుగుదొడ్డి ఉందా? పిల్ల మార్కుల పక్కనే ఈ మార్కులూ వేయాలి.

ఇందులో మనం చేయగల పని కూడా ఉంది. విద్యాహక్కు చట్టం బడి కమిటీలో సగం మంది స్త్రీలు ఉండాలని చెప్పింది. తెలంగాణలో 2024లో మహిళా సంఘాలతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేశారు. సున్నం వేయించారా, ఫ్యాను తిరుగుతున్నదా అని అడగడంతో ఆగకుండా, "మూడో తరగతి పిల్లలు ఎంతమంది పేజీ చదవగలుగుతున్నారు?" అని కూడా అడగవచ్చు. మన పిల్లలు ప్రైవేటు బడికి పోతున్నారని ఊరుకోవద్దు. అక్కడా ఫీజు రసీదు ఉంటుంది గాని చదువుకు రసీదు ఉండదు. సాయంత్రం పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, పుస్తకంలో లేని ఒక కాగితం, కరెంటు బిల్లో, పెళ్లి శుభలేఖో ఇచ్చి చదివించండి. ఎంత వచ్చిందో మీకే తెలిసిపోతుంది.

1935లో సిరిసిల్ల సభలో కూర్చున్న ఆ తల్లులలో చాలామందికి సంతకం కూడా వచ్చి ఉండదు. అయినా మా పిల్లలకు చదువు కావాలి, మాకు తెలిసిన భాషలో కావాలి అని నలుగురిలో అడిగారు. మనకు చదువు వచ్చు. అడగడానికి మనకేం అడ్డం?